పుస్తకంలో అది ఎక్కడుంది?

డిగ్రీలోనో పీజీలోనో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్న విద్యార్థికి కథల సారాంశాలు, కవుల కాలాలు, ఉద్యమాల పేర్లు మాత్రమే కావాలంటే విశ్వవిద్యాలయం అక్కర్లేదు. ఓ మోస్తరు గ్రంథాలయం చాలు. తరగతి గది అంతకన్నా ఇవ్వగలిగింది ఒకటుంది. ఒక అభిప్రాయం నోటినుంచి రాగానే 'పుస్తకంలో అది ఎక్కడుంది?' అని అడిగే మనిషి అక్కడ ఎదురుగా ఉంటారు. మొదట్లో ఆ ప్రశ్న అధ్యాపకులు వేస్తారు. కొన్నాళ్లకు పక్క బెంచీలో కూర్చున్నవాళ్లు వేయడం మొదలుపెడతారు. చివరికి, ఎవరూ అడగకముందే, విద్యార్థి తనను తానే అడుక్కుంటాడు. విద్యావేత్తలు విమర్శనాత్మక ఆలోచన అని పిలిచే సామర్థ్యం ఇంగ్లీషు విభాగాల్లో పెరిగే క్రమం స్థూలంగా ఇదే.

దీన్ని నిర్వచించిన వాళ్లు చాలామందే ఉన్నారు. ఒక నమ్మకం దేనిమీద నిలబడిందో, దాన్ని ఒప్పుకుంటే ఎక్కడికి దారితీస్తుందో ఓపికగా పరీక్షించి చూడటమే మేలైన ఆలోచన అని అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1910లో 'హౌ వుయ్ థింక్' అనే పుస్తకంలో రాశారు. 1990లో పీటర్ ఫాసియోనీ నేతృత్వంలో 46 మంది నిపుణులు చర్చించి ఆరు నైపుణ్యాలు తేల్చారు: అర్థం చెప్పుకోవడం, విడదీసి చూడటం, విలువ కట్టడం, ఉన్నదాన్నిబట్టి లేనిదాన్ని ఊహించడం, కారణాలతో వివరించడం, తన ఆలోచనను తానే సరిచూసుకోవడం. సాహిత్య విద్యార్థికి వీటిలో అన్నిటికన్నా కష్టమైంది, అన్నిటికన్నా ఆలస్యంగా అబ్బేది ఆ చివరిదే.

ఈ నైపుణ్యాలను విడిగా ఒక పేపరుగా పెట్టి నేర్పవచ్చా అన్నది పాత వివాదం. ఆలోచన ఎప్పుడూ ఏదో ఒక విషయం గురించే సాగుతుంది, కాబట్టి విషయం నుంచి వేరుచేసి నేర్పడం కుదరదని జాన్ మెక్‌పెక్ 1981లో వాదించారు. ఏ విషయానికైనా పనికొచ్చే సాధారణ సూత్రాలు ఉన్నాయని రాబర్ట్ ఎనిస్ వంటివారు గట్టిగా నమ్మారు. ఇంగ్లీషు తరగతుల అనుభవం మెక్‌పెక్ వైపే మొగ్గుతుంది. వాదన లక్షణాలు కంఠతా వచ్చిన విద్యార్థి ఒక పద్యం ముందు నోరు మెదపలేకపోవడం అక్కడ రోజూ కనిపించేదే.

పేరు తీసేసిన పద్యాలు

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషుకు ప్రత్యేక డిగ్రీ పరీక్ష 1917లో ఏర్పడింది. కొత్త విభాగం కదా, అక్కడ పాఠం చెప్పడానికి వచ్చిన ఐ.ఎ. రిచర్డ్స్ 1920లలో ఒక ప్రయోగం చేశారు. పద్యాలు అచ్చువేసి, కవి పేరు, కాలం ఏమీ లేకుండా విద్యార్థులకు పంచిపెట్టారు. వారం రోజులపాటు తీరిగ్గా చదువుకుని ఏమనిపించిందో రాసివ్వమన్నారు. వచ్చిన కాగితాల్లోంచి 13 పద్యాలపై వ్యాఖ్యలను తీసి 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' పుస్తకంగా వేశారు.

ఫలితం చూసి ఇంగ్లండు విద్యాలోకం కలవరపడింది. దేశంలోకెల్లా మంచి చదువు చదివిన కుర్రకారు పేరున్న కవుల పద్యాలను తీసిపారేసి, ఈనాడు ఎవరికీ గుర్తులేని పద్యాలను ఆకాశానికెత్తారు. రిచర్డ్స్ వాళ్లను ఎగతాళి చేయలేదు. ఎక్కడ తడబడ్డారో వర్గీకరించారు. చాలామందికి పద్యం మామూలు అర్థమే అందలేదు: ఎవరు ఎవరితో ఏమంటున్నారన్నది సరిగా పట్టుకోకుండానే భావం గురించి పేజీలు నింపారు. కొందరికి పద్యంలోని ఒక మాట తమ చిన్ననాటి సంగతేదో గుర్తుచేసింది. ఆ తర్వాత వాళ్లు రాసిందంతా ఆ జ్ఞాపకం గురించే. కొందరు సిద్ధంగా ఉన్న భావోద్వేగాన్ని తెచ్చి పద్యానికి అతికించారు. ఇంకొందరు తమ మతానికి, విశ్వాసానికి నచ్చితే మంచి పద్యం, నచ్చకపోతే చెడ్డ పద్యం అనుకున్నారు.

వందేళ్లు కావస్తున్నా ఈ జాబితా పాతబడలేదు. అమ్మ మీదో ఊరి మీదో పద్యం కనబడగానే చదవకముందే కరిగిపోవడం, కవి మన పక్షం కాదని తెలియగానే పద్యాన్ని కొట్టిపారేయడం ఏ భాష తరగతిలోనైనా జరిగేవే. విద్యార్థి తన స్పందనను నమ్మడం మానేయాలని దీని అర్థం కాదు. ఆ స్పందన పద్యంలోంచి వచ్చిందా, తనలోంచి వచ్చిందా అని వేరుచేసి చూడగలగాలి. ఆ వేరుచేయడం నేర్చుకున్నవాళ్లు ఎంత దూరం వెళ్లగలరో రిచర్డ్స్ శిష్యుడే చూపించాడు. గణితం చదువుతూ ఇంగ్లీషుకు మారిన విలియం ఎంప్సన్, ఆయన దగ్గర మొదలుపెట్టిన పనిని 'సెవెన్ టైప్స్ ఆఫ్ యాంబిగ్యుటీ' పేరుతో 1930లో ప్రచురించాడు. అప్పటికి అతని వయసు 24. ఒకే మాట ఎన్ని అర్థాలను ఒకేసారి మోయగలదో చూపిన ఆ పుస్తకాన్ని విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు.

రిచర్డ్స్ పద్ధతికి లోపం లేకపోలేదు. కవి పేరుతో పాటు కాలాన్నీ చరిత్రనూ తీసేస్తే మిగిలే పద్యం సగమే. కానీ ఇద్దరు చదువరులు ఒకే పాఠం ముందు సమానంగా నిలబడే అవకాశం అలాగే వచ్చింది. గురువుకు ముందే తెలిసిన జవాబు అంటూ ఉండదు అక్కడ.

సరైన జవాబు నుంచి సొంత నిర్ణయం దాకా

విద్యార్థుల్లో ఈ మార్పు ఒక్కరోజులో రాదు. హార్వర్డ్ విద్యార్థులను ఏటా చదువు ముగిసే వేళ కూర్చోబెట్టి మాట్లాడించి, వాళ్ల ఆలోచన ఎలా మారుతోందో విలియం పెర్రీ గమనించారు. ఆయన పుస్తకం 1970లో వచ్చింది. కాలేజీలోకి వచ్చిన కొత్తలో విద్యార్థికి ప్రతి ప్రశ్నకూ ఒక సరైన జవాబు ఉంటుంది. అది గురువు దగ్గర ఉంటుంది. కొంతకాలానికి గురువులే ఒకరితో ఒకరు విభేదించడం చూసి, ఎవరి అభిప్రాయం వాళ్లదిలే అనే చోటికి చేరతాడు. ఆ తర్వాత అన్ని అభిప్రాయాలకూ ఒకే బలం ఉండదని, కొన్నింటికి ఆధారం ఎక్కువని తెలుస్తుంది. చివరికి, అనిశ్చితి ఉన్నా, ఆధారాలు తూచి ఒక పక్షం ఎంచుకుని దానికి కట్టుబడే స్థితి వస్తుంది.

ఇంగ్లీషు విద్యార్థులు ఎక్కువమంది ఆగిపోయేది రెండో మెట్టు మీద. కవిత్వానికి ఎన్ని అర్థాలైనా చెప్పుకోవచ్చు అనే మాట వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది. నిజానికి అది ఆలోచనను ఆపేసే మాట. ఎన్ని అర్థాలైనా సరే అన్నాక, ఒకదానికోసం వాదించే శ్రమ ఎవరు పడతారు? అక్కడినుంచి మూడో మెట్టుకు చేర్చేది సిద్ధాంత గ్రంథం కాదు, ఒక వాక్యం దగ్గర గంటసేపు ఆగే తరగతి.

ఒక నిశ్శబ్దం చుట్టూ

జేన్ ఆస్టిన్ 1814లో ప్రచురించిన 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' నవల ఇందుకు మంచి ఉదాహరణ. పేదింటి పిల్ల ఫానీ ప్రైస్ తన పెద్దమ్మ భర్త సర్ థామస్ బెర్‌ట్రామ్ భవనంలో పెరుగుతుంది. ఆ కుటుంబానికి కరీబియన్ దీవుల్లోని ఆంటిగ్వాలో ఆస్తులున్నాయి. వాటి వ్యవహారం చక్కబెట్టడానికి సర్ థామస్ అక్కడికి వెళ్లి, చాలాకాలానికి తిరిగొస్తాడు. ఒక సాయంత్రం ఫానీ ఆయన్ను బానిసల వ్యాపారం గురించి అడుగుతుంది. ఆ సన్నివేశం నవలలో నేరుగా కనిపించదు. మర్నాడు ఫానీ, సర్ థామస్ కొడుకు ఎడ్మండ్ మాట్లాడుకుంటున్నప్పుడు రెండు మూడు వాక్యాల్లో తెలుస్తుంది. తాను అడిగినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదని ఫానీ చెబుతుంది.

మొదటిసారి చదివేవాళ్లలో చాలామంది ఆ వాక్యాలను దాటిపోతారు. కథ పెళ్లిళ్ల గురించి కదా. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించిన ఎడ్వర్డ్ సయీద్ 1993లో 'కల్చర్ అండ్ ఇంపీరియలిజం' పుస్తకంలో అక్కడ ఆగారు. ఆ భవనంలోని క్రమశిక్షణ, మర్యాద, సౌఖ్యం అన్నీ ఆంటిగ్వా చెరకుతోటల్లో బానిసల శ్రమ మీద నడుస్తున్నాయని, నవల ఆ సంగతిని ప్రస్తావిస్తూనే పక్కకు నెడుతోందని ఆయన వాదించారు. ఇది విన్న తరగతిలో ఒక వెలుగు కనబడుతుంది. వెంటనే ఒక ప్రమాదం కూడా వస్తుంది. సర్ థామస్ బానిసల గురించి మాట్లాడటానికి నిరాకరించాడు, ఆ నిశ్శబ్దం అపరాధ భావానిది అని విద్యార్థులు రాసేస్తారు.

పుస్తకంలో అది ఎక్కడుంది? మళ్లీ చదివితే సంగతి వేరుగా ఉంటుంది. నోరు మెదపకుండా కూర్చున్నది ఆ ఇంటి పిల్లలు. వాళ్లకు ఆసక్తి లేదు. ఇంకా అడిగి ఉంటే నాన్న సంతోషించేవాడని ఎడ్మండ్ అంటాడు. అక్కల ఎదుట తన ఆసక్తిని ప్రదర్శించినట్టు ఉంటుందని ఫానీయే ఆగిపోయింది. సర్ థామస్ ఏం జవాబిచ్చాడో నవల చెప్పదు. అలాగని సయీద్ వాదం కూలిపోదు, దాని ఆకారం మారుతుంది. మాట్లాడనిది యజమాని అయితే ఒక అర్థం. ఆ డబ్బుతో పెరుగుతూ దాని గురించి వినడానికి కూడా ఆసక్తి లేని పిల్లలైతే అది ఇంకో అర్థం, బహుశా మరింత భయంకరమైనది.

ఇక్కడినుంచి విద్యార్థి పుస్తకం బయటికి వెళ్లాలి. బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించింది. బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833లో గానీ రాలేదు. అంటే ఫానీ అడిగిన వ్యాపారం చట్టప్రకారం ఆగినా, తోటల్లో బానిసలు అలాగే ఉన్నారు. ఆస్టిన్ 1813లో రాసిన ఒక ఉత్తరంలో, బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాడిన థామస్ క్లార్క్‌సన్ రచనల మీద తనకున్న అభిమానం తెలుస్తుంది. 1772లో బానిస సోమర్సెట్ కేసులో చరిత్రాత్మక తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి పేరు లార్డ్ మాన్స్‌ఫీల్డ్ కావడం యాదృచ్ఛికం కాదని కొందరు పండితులు అంటారు. ఈ చివరి రెండూ సయీద్‌కు ఎదురువాదాలు. వీటిలో ఉత్తరం గట్టి ఆధారం, పేరు సామ్యం బలహీనమైన ఆధారం. ఏది ఎంత బరువు మోస్తుందో తేల్చుకున్న విద్యార్థి రాసే నాలుగు పేజీలు, సయీద్‌ను సమర్థించినా తిరస్కరించినా, చదవదగినవే అవుతాయి.

ఇబాదాన్ విద్యార్థుల తిరుగుబాటు

దగ్గరగా చదవడం ఒక్కటే చాలదని ఆఫ్రికా తరగతులు చూపించాయి. నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీ 1948లో మొదలైంది. లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచిన ఆ కాలేజీలో తొలి విద్యార్థుల్లో చినువా అచెబె ఒకరు. వైద్యం చదవడానికి వచ్చి సాహిత్యం వైపు మళ్లారు. విద్యార్థులకు దగ్గరగా ఉంటుందన్న సదుద్దేశంతో ఇంగ్లీషు అధ్యాపకులు జాయిస్ కేరీ 1939లో రాసిన 'మిస్టర్ జాన్సన్' నవలను పాఠంగా చెప్పారు. కథ నైజీరియాలో జరుగుతుంది. జాన్సన్ ఒక నల్లజాతి గుమాస్తా. అమాయకుడు, తెల్ల అధికారి అంటే ప్రాణం పెట్టేవాడు. చివరికి ఆ అధికారి చేతుల్లోనే తుపాకీ గుండుకు చనిపోతాడు. అధికారి జాన్సన్‌ను కాల్చేసే ఘట్టం ఒక్కటే తనకు నచ్చిందని ఒక విద్యార్థి తరగతిలో చెప్పాడట. అధ్యాపకులు నిర్ఘాంతపోయారు. అచెబె తర్వాత ఈ సంగతిని ప్రస్తావించారు.

ఆ విద్యార్థి మాటలో కోపం ఉంది. కోపం ఇంకా విమర్శ కాదు, అయినా దాని మొదటి అడుగు అదే. తమ ఊళ్లలో తాము చూసిన మనుషులు పుస్తకంలో ఎందుకు ఇలా ఉన్నారన్న ప్రశ్న ఆ కోపంలోంచే వచ్చింది. అచెబె దాన్ని రెండు దారుల్లో పండించారు. 1958లో 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవల రాశారు. 1975లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' మీద ఉపన్యసిస్తూ, ఆ నవల ఆఫ్రికా మనుషులకు ఎక్కడ మాటలిచ్చిందో, ఎక్కడ ఇవ్వలేదో చూపి దాడి చేశారు. ఆధారం పుస్తకంలోంచే తెచ్చారు. అందుకే ఆ వాదనతో విభేదించేవాళ్లు కూడా దాన్ని దాటి పోలేకపోతున్నారు.

అనుభవాన్ని చదువులోకి తేవడం, తెచ్చినదాన్ని పాఠం ముందు నిలబెట్టి పరీక్షించడం రెండూ కావాలి. మొదటిది లేకపోతే విమర్శ నిర్జీవంగా ఉంటుంది, రెండోది లేకపోతే ఫిర్యాదుగా మిగులుతుంది.

రాస్తేనే తెలిసేది

చర్చలో బాగా మాట్లాడిన విద్యార్థి కాగితం మీద తేలిపోవడం తరచూ జరుగుతుంది. మాటల్లో వాదన మధ్య ఖాళీలను గొంతు, చేతులు పూడ్చేస్తాయి. రాతలో ఆ సదుపాయం లేదు. రాయడమే ఒక రకం నేర్చుకోవడమని జానెట్ ఎమిగ్ 1977లో రాసిన వ్యాసం ఈ రంగంలో చాలా ప్రభావం చూపింది. వాదనలో ప్రతిపాదన, ఆధారం, ఆ రెంటినీ కలిపే కారణం వేర్వేరని స్టీఫెన్ టూల్మిన్ 1958లో చూపారు. విద్యార్థుల వ్యాసాల్లో సాధారణంగా లోపించేది ఈ మూడోదే. ఒక వాక్యం ఉటంకిస్తారు, ఒక తీర్పు ఇస్తారు. ఆ వాక్యం నుంచి ఈ తీర్పు ఎలా వచ్చిందో మాత్రం చెప్పరు. మార్జిన్‌లో 'ఎలా?' అని అధ్యాపకులు రాసే ఒక్క మాట వెయ్యి మార్కుల కన్నా విలువైనది. అది చూసి విద్యార్థి తిరగరాస్తేనే సుమా.

అమెరికాలో రిచర్డ్ ఆరమ్, జోసిపా రోక్సా 24 విద్యాసంస్థల్లో 2,300 మందికి పైగా విద్యార్థులను పరిశీలించి 2011లో 'అకడమికల్లీ అడ్రిఫ్ట్' పుస్తకం తెచ్చారు. మొదటి రెండేళ్లలో 45 శాతం మందిలో ఆలోచనా నైపుణ్యాలు చెప్పుకోదగినంత పెరగలేదని వాళ్లు తేల్చారు. కొలిచిన పద్ధతి మీద అభ్యంతరాలు వచ్చాయి. అయితే వారానికి 40 పేజీలకు పైగా చదవాల్సిన, సెమిస్టర్‌కు 20 పేజీలకు పైగా రాయాల్సిన కోర్సులు తీసుకున్నవాళ్లు ఎక్కువ లాభపడ్డారన్న అంశం గుర్తుంచుకోదగింది.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటిదగ్గర రాసుకొచ్చే వ్యాసం మీద నమ్మకం సడలింది. ఏ నవల మీదైనా చక్కటి ఇంగ్లీషులో వ్యాసం నిమిషంలో దొరుకుతున్నప్పుడు, రాయడంలో పడే తిప్పలు లేకుండానే రాసిన కాగితం చేతికొస్తుంది. ఆ తిప్పల్లోనే నేర్చుకోవడం ఉంది కాబట్టి నష్టపోయేది విద్యార్థే. తరగతిలోనే చేత్తో చిత్తుప్రతి రాయించడం, రాసినదాని మీద ఐదు నిమిషాలు నోటితో ప్రశ్నించడం వంటివి అందుకే మళ్లీ వస్తున్నాయి.

వెంకటేశం ఇంగ్లీషు

ఆలోచన లేని చదువు అనే ఈ సమస్య తెలుగు నేల మీద ఎంత పాతదో గురజాడ ఏనాడో చూపించారు. 1897లో తొలిసారి అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకంలో వెంకమ్మ తన కొడుకు వెంకటేశాన్ని, అతని గురువు గిరీశంతో ఇంగ్లీషులో మాట్లాడమని ముచ్చటపడి అడుగుతుంది. గురుశిష్యులిద్దరూ పాఠ్యపుస్తకాల్లోని పద్య పాదాలు, వాచకంలోని వాక్యాలు, జ్యామితి సిద్ధాంతం తునకలు ఒకరి తర్వాత ఒకరు అప్పజెబుతారు. తల్లి పొంగిపోతుంది. అర్థం లేని అప్పజెప్పుడు చదువుగా చలామణీ అయ్యే తీరును ఇంతకన్నా పదునుగా ఎవరూ పట్టుకోలేదు.

ఆ తీరు ఇప్పుడు గైడు రూపంలో నడుస్తోంది. పాత ప్రశ్నపత్రాలు చూసి, రాబోయే ఎస్సేలు ఊహించి, జిరాక్సు నోట్సు బట్టీపట్టి మూల గ్రంథం తెరవకుండానే ఎంఏ ఇంగ్లీషు దాటినవాళ్లు ఉన్నారు. తప్పు విద్యార్థులదని తేల్చేయడం అన్యాయం. యూజీసీ నెట్ పరీక్ష ఇప్పుడు పూర్తిగా బిట్లే. ఎవరు ఏది ఎప్పుడు రాశారన్నది అక్కడ మార్కులు తెస్తుంది, మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లో మాట్లాడకుండా కూర్చున్నది ఎవరన్నది తేదు. జాతీయ విద్యావిధానం 2020 పత్రం విమర్శనాత్మక ఆలోచనను పదేపదే కోరుతుంది. పరీక్ష కోరనంతవరకూ అది పత్రంలోనే ఉంటుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థికి ఇంకో అడ్డంకి. ఆలోచన ఉంటుంది, ఇంగ్లీషులో చెప్పడానికి వాక్యం కుదరదు. తప్పు పోతుందేమోనన్న భయంతో గైడులోని వాక్యమే రాస్తాడు. ముందు తెలుగులో చర్చించుకోనిచ్చి, తర్వాత ఇంగ్లీషులో రాయమంటే వచ్చే తేడా పెద్దది. ఇంగ్లీషు విభాగంలో తెలుగు వినబడితే నామోషీ అనుకునే పాత అలవాటు వల్ల ఆలోచించగల పిల్లలు మూగగా ఉండిపోతున్నారు.

రెండు భాషల్లోనూ కాళ్లున్నవాళ్లు ఏం చేయగలరో చెప్పడానికి హైదరాబాదులోనే ఉదాహరణ ఉంది. అక్కడి కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థలో, ఇప్పటి ఇఫ్లూలో, ఇంగ్లీషు బోధించిన సూసీ తారు, కె. లలితతో కలిసి 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' సంకలనాన్ని 1991, 1993లలో రెండు సంపుటాలుగా తెచ్చారు. అందులో తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని 'రాధికాసాంత్వనం' కథ ముఖ్యమైంది. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురించారు. వీరేశలింగం వంటి పెద్దలు దాన్ని అసభ్యమన్నారు. ఇలాంటి శృంగారం రాసిన మగకవులకు లేని ఆక్షేపణ ఆడదానికి ఎందుకని నాగరత్నమ్మ ఎదురడిగారు. తర్వాత పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో 1940లలో గానీ నిషేధం తొలగలేదు. ఒక కావ్యం చరిత్రలోంచి ఎలా జారిపోతుంది, ఏది సాహిత్యమో ఎవరు నిర్ణయిస్తారు అన్న ప్రశ్నలను ఇంగ్లీషు విభాగం నుంచి వచ్చిన మనిషి తెలుగు కావ్యం మీద వేశారు. అవే ప్రశ్నలు షేక్‌స్పియర్ సిలబస్ మీద కూడా వేయవచ్చు.

ప్రశ్నపత్రం మారితే

తరగతి పెద్దది, సిలబస్ భారీది, అధ్యాపక పోస్టులు ఖాళీ. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. వీటిలో ఏదీ మారకపోయినా మార్చగలిగింది ప్రశ్నపత్రం. ఒక నవలలో స్త్రీ పాత్రల చిత్రణను చర్చించమంటే గైడులో జవాబు ఉంటుంది. విద్యార్థి ఎప్పుడూ చూడని పన్నెండు పంక్తుల గద్యం ఇచ్చి, కథకుడిని ఎంతవరకు నమ్మవచ్చో ఆ పంక్తుల్లోంచే ఆధారం చూపి రాయమంటే ఉండదు. ఒక విమర్శకుడి వాదనను పేరాలో ఇచ్చి, దానికి వ్యతిరేకంగా నిలిచే అంశం ఒకటి పాఠంలోంచి తెచ్చి, రెంటిలో ఏది బలమైనదో తేల్చమన్నా ఉండదు. రిచర్డ్స్ ప్రయోగంతో పేరొచ్చిన 'ప్రాక్టికల్ క్రిటిసిజం' పేపరు కేంబ్రిడ్జి ఇంగ్లీషు విద్యార్థులకు ఇప్పటికీ ఉంది. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో నూరు మార్కుల్లో ఇరవై అలాంటి ప్రశ్నకు కేటాయించాలంటే మొదట బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక సమావేశంలో తీర్మానం చేయాలి. దిద్దే అధ్యాపకులకు మాత్రం పని పెరుగుతుంది. ఒకే జవాబు నలభైసార్లు దిద్దడం పోయి, నలభై వేర్వేరు జవాబులు చదవాల్సి వస్తుంది.